అక్వేరియం నత్తల నియంత్రణ: బస్తర్ ప్రాంతం

నిర్వచనం, పరిధి

ఇంటి అక్వేరియంలోకి మొక్కల వెంటో చేపల వెంటో పిలవకుండా వచ్చి చేరి, చూస్తుండగానే అద్దాల నిండా పాకే మంచినీటి నత్తలను తగ్గించడం, అదుపులో ఉంచడం, అవసరమైతే పూర్తిగా తొలగించడం అనే మూడు పనులనూ కలిపి అక్వేరియం నత్తల నియంత్రణ అంటారు. ఈ మూడూ ఒకటి కావు. తగ్గించడం నాలుగు రోజుల్లో అయ్యే పని. అదుపు రోజువారీ అలవాట్ల మీద ఆధారపడేది. పూర్తి తొలగింపు మాత్రం తొట్టి విప్పి, ఇసుక కడిగి, ఎండబెట్టే దాకా వెళ్ళవచ్చు. అందం కోసం కొని పెంచే మిస్టరీ నత్త, నెరైట్ నత్త వంటివి ఈ వ్యాసం పరిధిలోకి రావు. నత్తల కోసం వేసే మందు వాటినీ వదలదన్న సంగతి మాత్రం పెంచేవారు గుర్తుంచుకోవాలి.

ఛత్తీస్‌గఢ్ దక్షిణాన ఉన్న బస్తర్ డివిజన్‌ను (బస్తర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా, కొండగావ్, నారాయణ్‌పూర్, కాంకేర్ జిల్లాలు) ఆధారంగా తీసుకుని ఈ విషయాన్ని పరిశీలించడానికి కారణం ఇక్కడి నీళ్ళు, రాళ్ళు. పక్కపక్క ఊళ్ళలోనే సున్నపురాతి నీళ్ళూ గట్టిరాతి నీళ్ళూ దొరికే నేల ఇది. పైగా ఇంద్రావతి, శబరి రెండూ గోదావరిలో కలిసేవే. కాబట్టి ఇక్కడి చెరువు నత్తల గురించి చెప్పేది ఇటు కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు మాట్లాడేవారికీ, గోదావరి పొడవునా ఉన్న తెలుగు ఊళ్ళకూ చాలావరకు వర్తిస్తుంది. ఈ పరిశీలనలో తేలేది ఒక్కటే: తొట్టిలో ఎన్ని నత్తలు ఉండాలో నిర్ణయించేది వాటి సంతానశక్తి కన్నా వాటికి దొరికే తిండి. చంపే ఉపాయాలన్నీ ఆ తర్వాతివే.

చరిత్ర

నత్తను అక్వేరియంలో శత్రువుగా చూడడం తర్వాత వచ్చిన అలవాటు. 1850లో లండన్ రసాయనవేత్త రాబర్ట్ వారింగ్టన్, నీళ్ళు మార్చకుండా చేపలను బతికించవచ్చా అనే ప్రయోగాన్ని అక్కడి కెమికల్ సొసైటీకి నివేదించాడు. ఆయన తొట్టిలో గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా మొక్క ఉండేవి. మొక్క ఆకులు కుళ్ళి నీళ్ళు చెడుతుంటే, ఆ కుళ్ళును తినడానికి లిమ్నియా నత్తలను తనే తెచ్చి వేశాడు. నీళ్ళు తేటపడ్డాయి, నత్తల గుడ్లు చేపలకు మేతయ్యాయి. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజలు చూసే అక్వేరియం తెరుచుకునే నాటికి ఈ సమతూక సూత్రం పాఠమైపోయింది. ఈ మొదటి తొట్టిలో నత్త పని పాకీపని, దాని కూలి ఆ కుళ్ళే. కుళ్ళు ఉన్నంత మేరకే నత్త ఉంటుందన్న సంగతిని దీని నుంచే గ్రహించవచ్చు. తర్వాత పొట్లాలలో మేత అమ్మకానికి వచ్చి, కుళ్ళు తరగనంతగా దొరకడం మొదలయ్యాక సమతూకం తప్పింది.

భారత నత్తల శాస్త్రీయ వర్ణన అంతకన్నా పాతది. నేడు ట్రంపెట్ నత్తగా ప్రపంచమంతా అక్వేరియంలలో కనిపించే మెలనాయిడిస్ ట్యూబర్‌క్యులేటాను డెన్మార్క్ శాస్త్రవేత్త ఓ. ఎఫ్. ముల్లర్ 1774లో కోరమాండల్ తీరపు నమూనాలతో వర్ణించాడు. అంగళ్ళలో దాన్ని ‘మలేషియన్’ అని పిలుస్తున్నా, శాస్త్రం దానికి రాసుకున్న తొలి చిరునామా మన తూర్పు తీరమే. దేశంలోని మంచినీటి నత్తలు, ఆల్చిప్పలన్నిటికీ కలిపి భారత జంతు సర్వే సంస్థ 1989లో ఎన్. వి. సుబ్బారావు రాసిన కరదీపికను ప్రచురించింది. తొట్టిలో కనిపించిన గుల్ల ఏదో తేల్చుకోవడానికి ఇప్పటికీ పనికొచ్చే పుస్తకం అది.

రకాలు

నియంత్రణ దృష్టితో చూస్తే జాతుల పేర్ల కన్నా రెండు తేడాలు ముఖ్యం: నత్తకు గుల్ల నోటిని మూసుకునే మూత ఉందా, అది గుడ్లు పెడుతుందా పిల్లల్ని కంటుందా. మూత లేనివి ఊపిరితిత్తితో గాలి పీల్చే నత్తలు. వీటిలో ఫైసెల్లా అక్యూటా (బ్లాడర్ నత్త) ఉత్తర అమెరికా నుంచి ప్రపంచమంతా పాకినది. గుల్ల మొన పైకి ఉండేలా, నోరు చూసేవారి వైపు తిరిగేలా పట్టుకుంటే నోరు ఎడమ పక్కకు వస్తుంది. లిమ్నియాకు కుడి పక్కకు వస్తుంది. తొట్టిలో రెంటినీ విడదీయడానికి ఇంతకన్నా సులువైన గుర్తు లేదు. చుట్టచుట్టుకున్న పళ్ళెంలా ఉండేవి ప్లానార్బిడ్‌లు. వీటిలో ఇండోప్లానార్బిస్ ఎక్సుస్టస్ మన చెరువుల సొంత నత్త, గైరాలస్‌లు గోరు మీద అరడజను పట్టేంత చిన్నవి. వీటి రక్తంలో హీమోగ్లోబిన్ ఉంటుంది. ‘రెడ్ రామ్స్‌హార్న్’ పేరుతో అమ్మేవి ఒంట్లో నల్ల రంగు లోపించి, ఆ ఎరుపు బయటికి కనబడేవే. మూత లేని ఈ గుంపు నత్తలన్నిటిలో ఆడ, మగ ఒకే ఒంట్లో ఉంటాయి, ఒంటరి నత్త కూడా గుడ్లు పెట్టగలదు. వాలిస్నేరియా ఆకును వెలుతురుకు ఎత్తి చూస్తే అడుగువైపున అంటుకున్న జిగురు ముద్ద, దానిలో చుక్కల్లాంటి గుడ్లు కనిపిస్తాయి. వేసవి వేడిలో అవి ఒకటి రెండు వారాల్లో పిగులుతాయి.

మూత ఉన్నవి మొప్పలతో ఊపిరి తీసుకుంటాయి. మెలనాయిడిస్ పగలు ఇసుకలో దాక్కుని రాత్రి బయటికి వస్తుంది. మగ అవసరం లేకుండానే ఆడది నేరుగా పిల్లల్ని కంటుంది కాబట్టి గుడ్లు ఏరే ఉపాయం దీనిమీద పనిచేయదు. మందు తగిలితే మూత వేసుకుని కూర్చుంటుంది. బెల్లామియా కూడా పిల్లల్ని కనేదే. పైలా మాత్రం మొప్పలతో పాటు ఊపిరితిత్తి కూడా ఉన్న పెద్ద నత్త, చెరువు ఎండితే బురదలో దిగి మూత బిగించి వానల దాకా నిద్రపోతుంది. బస్తర్‌లో పొలాల్లో, చెరువుల్లో ఏరుకుని వండుకునే ఘోంఘీ ఇలాంటి పెద్ద గుల్లలదే. తొట్టిలో పచ్చి మొక్కను నిజంగా కొరికి తినేవి లిమ్నియా, పైలా. మిగతావి చాలావరకు పాచి, ఎండాకు, చేప వదిలేసిన మేత మీదే బతుకుతాయి. ఆకుకు చిల్లు కనిపించగానే బ్లాడర్ నత్తను తప్పుపట్టడం పరిపాటి. చాలాసార్లు ఆ ఆకు అంతకుముందే పోషకాలు అందక చచ్చుబడి ఉంటుంది.

బస్తర్ రాళ్ళు, నీళ్ళు

నత్త గుల్ల కాల్షియం కార్బొనేట్. నీళ్ళలో కాల్షియం లేకపోతే గుల్ల పల్చబడుతుంది, మొన దగ్గర తెల్లగా అరిగి చిల్లులు పడుతుంది, ఎదుగుదల మందగిస్తుంది. ఈ కోణంలో బస్తర్ రెండు ముక్కలు. జగదల్‌పూర్ చుట్టూ, ఇంద్రావతి పరీవాహకంలో విస్తారంగా సున్నపురాయి ఉంది. కాంగేర్ సున్నపురాయి అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే పొరలోనే కోటంసర్ గుహ తొలుచుకుని ఏర్పడింది. 1982లో ప్రకటించిన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలో ఉన్న ఆ గుహలో సున్నం కరిగి, జారి, మళ్ళీ గడ్డకట్టి వేలాడుతుంటుంది. అలాంటి రాతిలో ఊరిన బోరు నీళ్ళతో నింపిన తొట్టి అద్దం మీద, నీళ్ళు ఇగిరిన గీత వెంబడి తెల్లటి పొర కడుతుంది. కాగపెట్టిన గిన్నె అడుగున కట్టేదీ అదే. నత్తకు అది ఇల్లు కట్టుకునే సరుకు. ఇటు దక్షిణాన బైలాడిలా కొండల్లో ఇనుపరాయి, దాని పక్కన గ్రానైట్ జాతి గట్టిరాళ్ళు. వాటి మీదుగా వచ్చే వాననీటి వాగుల్లో సున్నం తక్కువ.

కాబట్టి నత్తలను తగ్గించడానికి నీళ్ళలో సున్నం తగ్గించమనే సలహా జగదల్‌పూర్ వైపు చెల్లదు. అక్కడ సున్నం లేని నీళ్ళు కావాలంటే ఆర్‌ఓ యంత్రం పెట్టాలి. దానితో గప్పీ, మోలీ వంటి కఠిన జలపు చేపలు నత్తలకన్నా ముందు నీరసిస్తాయి. నత్తకు కావలసిన రెండు సరుకుల్లో ఒకటి నేలే ఇస్తున్నప్పుడు, మనిషి చేతిలో మిగిలేది రెండోది: తిండి.

తొట్టిలోకి వచ్చే దారులు

పెద్ద నగరాల నుంచి పాలిథిన్ సంచుల్లో వచ్చే మొక్కల వేళ్ళలో గుడ్లు వస్తాయి. అంతకన్నా పెద్ద దారి ఊరి చెరువు. జగదల్‌పూర్‌లోని దలపత్ సాగర్ వంటి చెరువుల్లో ఎన్నిసార్లు తీసినా మళ్ళీ కమ్ముకునే గుర్రపుడెక్క వేళ్ళ కుచ్చును ఒక బకెట్ నీళ్ళలో జాడించి చూస్తే, అడుగున చేరే మడ్డిలో ప్లానార్బిడ్ నత్తలు కనిపించడం సర్వసాధారణం. అందం కోసమో నీడ కోసమో తెచ్చుకునే అంతరతామర, నాచు కూడా అంతే. చేపలకు సజీవ మేతగా చెరువు నీటి పురుగులను వడకట్టి తెచ్చేవారు నత్త పిల్లలను కూడా తెచ్చుకుంటున్నట్టే.

ఈ దశలో అడ్డుకట్ట వేయడం చవక. కొత్త మొక్కలను రెండు మూడు వారాలు విడిగా ఒక డబ్బాలో ఉంచి, పిగిలిన పిల్లలను ఏరేయడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. మందు నీళ్ళలో ముంచడం దానికి తోడు మాత్రమే. పటిక నీళ్ళలో ఒకటి రెండు రోజులు, లేదా లీటరుకు 10 మిల్లీగ్రాముల పొటాషియం పర్మాంగనేట్ కలిపిన గులాబీ నీళ్ళలో 10 నిమిషాలు, లేదా ఇంట్లో వాడే బ్లీచ్ ఒక వంతుకు 19 వంతుల నీళ్ళు కలిపి రెండు మూడు నిమిషాలు ఉంచి బాగా కడగడం వాడుకలో ఉన్నాయి. బ్లీచ్‌తో సన్నాకు మొక్కలు మాడిపోతాయి. ఏ మందు నీళ్ళైనా పెద్ద నత్తను చంపినంత తేలిగ్గా జిగురులో ఉన్న గుడ్డును చంపదు.

సంఖ్య పెరిగే తీరు

మేతగా వేసే గింజ చేప నోట్లో పడకుండా రాళ్ళ సందులో పడితే, మర్నాటికి దానిమీద తెల్లటి బూజు, ఆ బూజు చుట్టూ నత్తలు ఉంటాయి. తొట్టిలో ఎక్కువ మేత పడుతోందనడానికి ఇంతకన్నా నమ్మకమైన కొలమానం లేదు. నత్తలు కిక్కిరిస్తే ఎదుగుదల మందగించడం, గుడ్ల సంఖ్య తగ్గడం ఫైసెల్లా, లిమ్నియాల వంటి నత్తల్లో జీవశాస్త్రవేత్తలు ఎప్పటినుంచో గమనిస్తున్న సంగతి. దీన్ని తిరగేసి చూడాలి: మేత అంతే ఉంచి సగం నత్తలను ఏరేస్తే, మిగిలిన సగానికి తలా రెట్టింపు తిండి దొరుకుతుంది, అవి త్వరగా ఎదిగి ఎక్కువ గుడ్లు పెడతాయి. ఏరిన కొద్దీ పుడుతున్నాయని చెప్పేవారి మాటలో అతిశయోక్తి లేదు, కారణాన్ని మాత్రం నత్తలో వెతుకుతారు.

మేతను చేపలు రెండు నిమిషాల్లో ముగించేంతకు తగ్గించి, వారానికి ఒక పూట మానేసి, అడుగున చేరిన మురికిని గొట్టంతో లాగేస్తే నత్తలు రాలిపోవు. కొత్త గుడ్లు తగ్గుతాయి, పాతవి వయసు మీరి పోతాయి. ఫలితం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఓపిక పట్టలేకనే చాలామంది మందుల వైపు వెళ్తారు.

నియంత్రణ పద్ధతులు

ఏరడం: రాత్రి దీపం ఆర్పాక సొరకాయ ముక్కో, ఉడికించిన పాలకూర ఆకో చిన్న రాయి కట్టి అడుగున వదిలి, తెల్లవారకముందే తీస్తే దానికి అంటుకుని నత్తలు వస్తాయి. అడుగున చిల్లులు చేసిన ప్లాస్టిక్ సీసాలో ముక్క వేసి పెట్టినా అంతే. మెలనాయిడిస్‌కు రాత్రి ఎరే పనిచేస్తుంది. పైన చెప్పిన కారణం వల్ల ఏరడం మేత తగ్గింపుతో కలిస్తేనే ఫలిస్తుంది, విడిగా చేస్తే వృథా శ్రమ.

శత్రుజీవులు: గంగా, బ్రహ్మపుత్ర వైపు దొరికే బోటియా జాతి లోచ్ చేపలు నత్తను గుల్లలోంచి పీల్చి తింటాయి. క్లౌన్ లోచ్ కూడా తింటుంది గానీ సుమత్రా, బోర్నియోల నుంచి వచ్చే ఆ చేప అడుగు పొడవు దాకా పెరుగుతుంది. రెండడుగుల తొట్టిలో దాన్ని నత్తల కోసం వేయడం దానికి అన్యాయం. కేరళ నదుల మరుగుజ్జు పఫర్, కారినోటెట్రాడాన్ ట్రావన్‌కోరికస్, చాలా చిన్న చేప. చిన్న నత్తలను వేటాడి తింటుంది, తోటి చేపల రెక్కలనూ కొరుకుతుంది. నదుల నుంచి పట్టి అమ్మడం కూడా ఒక కారణంగా అది ఐయూసీఎన్ ముప్పు జాబితాలో చేరింది. ఒక తొట్టిలో నత్తల కోసం దాన్ని కొనడం ఎంత సబబో ఆలోచించాల్సిందే. ఆగ్నేయాసియాకు చెందిన అసాసిన్ నత్త, అనెంటోమే హెలెనా, ఇతర నత్తలను తింటుంది. నిదానంగా పనిచేస్తుంది, తనూ సంతానం పెంచుతుంది. ఎలాగూ నత్తలు తీరిపోయాక ఈ వేటజీవులకు తిండి పెట్టాల్సిన బాధ్యత యజమానిదే.

రసాయనాలు: అంగళ్ళలో దొరికే నత్తమందుల్లో రాగి తరచుగా ఉంటుంది. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, నత్తలను చంపుతుంది. ఇక్కడే బస్తర్ భూగర్భం మళ్ళీ అడ్డు వస్తుంది. చేపల చెరువుల్లో మైలుతుత్తం వాడకానికి ఒక పాత లెక్క ఉంది: నీటి మొత్తం క్షారతను లీటరుకు మిల్లీగ్రాముల్లో కొలిచి 100తో భాగిస్తే, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల మందు వేయవచ్చో వస్తుంది. క్షారత 50 కన్నా తక్కువైతే అసలు వాడకూడదు. సున్నపురాతి నీళ్ళలో కార్బొనేట్ రాగిని కట్టిపడేస్తుంది, మందు బలం తగ్గుతుంది, మోతాదు పెంచాల్సి వస్తుంది. గట్టిరాతి వాగు నీళ్ళలో అదే మందు కొద్దిగా పడినా చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. నత్తలు బాగా పెరిగే జగదల్‌పూర్ నీళ్ళలో మందు సరిగా పనిచేయదు, మందు బాగా పనిచేసే నీళ్ళలో చేపలు బతకడం కష్టం. రాగి ఇసుకలో, అద్దం మీది సున్నపు పొరలో అంటుకుని ఉండి తర్వాత కొద్దికొద్దిగా కరుగుతుంది కనుక ఆ తొట్టిలో నెలల తర్వాత వేసిన రొయ్యలు కూడా చావవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నత్తల వల్ల వ్యాపించే జబ్బుల నివారణకు సిఫారసు చేసే నిక్లోజమైడ్ చేపలకు తీవ్ర విషం, దానిని ఇంటి తొట్టిలో వాడే ప్రశ్నే లేదు. ఉప్పు మరో వ్యర్థ ప్రయత్నం: మెలనాయిడిస్ ఉప్పుకయ్యల్లో కూడా బతకగలదు, మొక్కలు ముందు చస్తాయి. బస్తర్‌లో చేతికి అందే విషం ఇప్ప. ఇప్పగింజల్ని ఇక్కడ టోరా అంటారు, నూనె తీశాక మిగిలే చెక్కలో సాపోనిన్‌లు ఉంటాయి. చేపల చెరువును కొత్త పిల్లల కోసం సిద్ధం చేసేటప్పుడు పాత చేపలను తీసేయడానికి లీటరుకు 200 నుంచి 250 మిల్లీగ్రాముల చొప్పున ఇప్ప చెక్క వాడతారు. అంటే 100 లీటర్ల తొట్టిలో 25 గ్రాములు చాలు, చేపలన్నీ పైకి తేలతాయి. చెట్టు మందు కాబట్టి హాని ఉండదన్న నమ్మకం ఇక్కడ ప్రమాదకరం. గోరఖ్‌పూర్ విశ్వవిద్యాలయంలో మొక్కల సారాలతో లిమ్నియా, ఇండోప్లానార్బిస్‌లను చంపే పరిశోధనలు చాలాకాలంగా సాగుతున్నాయి గానీ వాటి లక్ష్యం పశువుల కార్జపు జలగవ్యాధి నివారణ, అలంకారపు చేపల తొట్టి కాదు.

ఏ మందైనా పనిచేసిందనుకుందాం. ఒకేసారి వందల నత్తలు గుల్లల్లో చచ్చి కుళ్ళితే నీళ్ళలో అమ్మోనియా పెరుగుతుంది, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దాన్ని అందుకోలేదు, మరుసటి రోజు చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. మందు వల్ల చచ్చాయనుకునే చేపల్లో కొన్ని నత్తల శవాల వల్లే చస్తాయి.

అభ్యంతరాలు

మేత సిద్ధాంతానికి గట్టి అభ్యంతరం ఒకటుంది: మేత బాగా తగ్గించిన తొట్టిలో కూడా నత్తలు ఉంటాయి కదా. నిజమే. తిండి అంటే మేత ఒక్కటే కాదు, కిటికీ ఎండ తగిలే అద్దం మీద పెరిగే పాచి కూడా తిండే. ఆ తొట్టిలో తగ్గించాల్సింది దీపం వెలిగే గంటలు. గుడ్డి లెక్కన ఎనిమిది గంటలు చాలు. చేప గుడ్లు పొదిగించేవారిది మరో అభ్యంతరం. గుడ్ల మీద పాకే ఒక్క నత్త కూడా వారికి నష్టమే. వారికి పూర్తి తొలగింపు తప్పదు, కానీ వారి తొట్టెల్లో ఇసుక, మొక్కలు ఉండవు కాబట్టి అది సాధ్యమే. మొత్తం ఖాళీ చేసి, బ్లీచ్‌తో కడిగి, ఎండలో ఆరబెడితే సరిపోతుంది. బ్లీచ్, రాగి వంటివాటికి సరైన చోటు జీవం లేని తొట్టి.

మూడోది జబ్బుల భయం, దీనిలో నిజం ఉంది. ఇండోప్లానార్బిస్ పశువుల రక్తంలో బతికే షిస్టోసోమా పురుగులకు ఆశ్రయం. ఆ పురుగు లార్వాలు మనిషి చర్మంలో దూరి దురద, దద్దుర్లు తెప్పిస్తాయి. జబల్‌పూర్ పశువైద్య కళాశాలలో ఎం. సి. అగ్రవాల్ ఈ పురుగుల మీద చాలాకాలం పనిచేశారు. అయితే నత్త ఈ పురుగుతో పుట్టదు. పశువు విసర్జనలు నీళ్ళలో కలిసి, అందులోని గుడ్లు పిగిలి, లార్వా నత్తలో దూరితేనే అంటుకుంటుంది. పశువులు దిగే చెరువు నుంచి నేరుగా తెచ్చిన నత్త అనుమానించదగ్గదే. తొట్టిలోనే గుడ్డు నుంచి వచ్చిన నత్తకు ఆ పురుగు చేరే దారి లేదు. చెరువు మొక్కను, చెరువు నత్తను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగడం, గొట్టాన్ని నోటితో పీల్చకపోవడం ఇక్కడి జాగ్రత్తలు. చెరువులో మొక్కలు పీకేవారికి ఉన్నంత ప్రమాదం తొట్టి ముందు కూర్చునేవారికి లేదు.

ప్రాముఖ్యం, పారవేత

కొద్దిపాటి నత్తలు మిగలడం వల్ల లాభం కూడా ఉంది. ఇసుక తవ్వే మెలనాయిడిస్ అడుగున కుళ్ళు గడ్డకట్టకుండా చూస్తుంది. పగటిపూట అవన్నీ ఒక్కసారి అద్దం ఎక్కితే అడుగున ప్రాణవాయువు తగ్గిందనో, నీళ్ళు చెడ్డాయనో అనుమానించాలి. ఫిల్టర్ గొట్టంలో ఇరుక్కుని మోటారు ఆపేయడం, అద్దం అందం చెడగొట్టడం నత్తల వల్ల కలిగే నష్టాలు. పదీ ఇరవై నత్తలున్న తొట్టిని రోగగ్రస్తంగా భావించనవసరం లేదన్నది సాక్ష్యం చూపే మొగ్గు.

ఏరిన నత్తలను ఎక్కడ వేయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, బస్తర్ వంటి వరి దేశంలో అది అన్నిటికన్నా పెద్దది. 1847లో కలకత్తా తోటలో బెన్సన్ అనే వ్యక్తి వదిలిన ఆఫ్రికా నేలనత్తలు ఇప్పుడు కేరళ తోటలదాకా పాకాయి. దక్షిణ అమెరికా పొమేషియా నత్తలను తైవాన్‌కు, తర్వాత ఇతర ఆసియా దేశాలకు తిండి కోసం తెస్తే అవి వరి నాట్లను కోసి తినే తెగులయ్యాయి. అక్వేరియం అంగళ్ళలో మిస్టరీ నత్త పేరుతో దొరికేది ఆ కుటుంబానిదే. పైలా గుడ్లు గట్టు మట్టిలో తెల్లగా ఉంటే, పొమేషియా గుడ్ల గుత్తులు నీటికి పైన కాడ మీదో గోడ మీదో గులాబీ రంగులోనో లేత రంగులోనో అంటుకుని ఉంటాయి. దలపత్ సాగర్‌లోనో, ఇంద్రావతిలోనో, పొలం కాలువలోనో తొట్టి నీళ్ళు, నత్తలు, మొక్కలు పారబోయకూడదు. ఏరిన వాటిని ఉడుకునీళ్ళలో వేసి చంపి, గుల్లలతో సహా నలగ్గొట్టి పెరటి మట్టిలో కలిపితే ఆ సున్నం మొక్కలకు పోతుంది. మందు వాడిన తొట్టి నత్తలను కోళ్ళకు వేయకూడదు, మనుషులు తినకూడదు. తీసేసిన తొట్టి నీళ్ళను కూడా మురుగు కాలువలో కాక, చెట్టు మొదట్లో నేల మీదే పోయాలి. ఆ నీళ్ళలో కంటికి ఆనని పిల్ల నత్తలు ఎండకు రెండు మూడు రోజుల్లో చస్తాయి. మెలనాయిడిస్ మాత్రం మూత బిగించి తడిమట్టిలో మరికొన్నాళ్ళు ఉంటుంది కాబట్టి దాన్ని పోసే చోటు కాలువకు దూరంగా ఉండాలి.